ఆయప్ప బోటులో ముల్లు

పోయిన వారం నా అంగడి ముందర ఒక చిన్న కారు వచ్చి నిలబడింది. హోసూరులో బాగలూరు రోడ్డు మీద ఉంది నా అంగడి. లారీ కానీ, ట్రాక్టరు కానీ, కారు కానీ, దాంట్లో కరెంటు పని, మీటర్ల పని నాది. కారులోనుంచి ఒకామె దిగి, "పెట్రోలు ముల్లు నిలబడేదే లేదన్నా, ఎగిరెగిరి పడతా ఉంది" అన్నది. నేను చెయ్యి తుడుచుకుని వచ్చేలోపల ఆమే కిటికీలోనుంచి చెయ్యి పెట్టి, వేలు మడిచి, మీటరు అద్దం మీద రెండు తట్లు తట్టింది. తట్టి, తల పక్కకు వంచి, ముల్లు ఏమంటాదో అని కాచుకుని చూసింది.

అట్ల తట్టేది, అట్ల తల వంచేది లోకంలో ఒకే ఒక మనిషి అనుకుంటా ఉంటిని ఇన్ని దినాలూ. ఆ మనిషి పోయి ఏడాది దాటింది.

నా నోరు మంచిది కాదని ఈ రోడ్డులో అందరికీ తెలుసు. ఇంజను ఆపి, కీ ఆఫ్ చెయ్యకుండా బండి దిగినోళ్ళని తిట్టకుండా వదిలేది లేదు. బ్యాటరీ ఊరికే దిగిపోతాది, మల్లా నా తావకే వచ్చి ఏడుస్తారు. ఆ కారామె కూడా కీ అట్లే పెట్టి దిగింది. "అమ్మా, ముందు కీ ఆఫ్ చెయ్యండి" అని మాత్రం మెల్లగా అన్నాను. పక్క టీ అంగడోడు నా మొగం చూసి, "ఏమప్పా, జొరమా?" అన్నాడు.

మా పక్క పెద్దోళ్ళని పేరు పెట్టి చెప్పేది లేదు. ఆయప్ప అంటాం, ఆడమనిషైతే ఆయమ్మ అంటాం. నేను చెప్పే ఆయప్పది కృష్ణగిరి డ్యాం పక్కన పల్లె. మామిడి తోపు, రాగి చేను, కొట్టంలో ఎనుములు, తాతల కాలం నుంచీ సేద్యం చేసే ఇల్లు. అట్లాంటి మనిషికి బోటు పిచ్చి యాడనుంచి పట్టుకునిందో దేవుడికే ఎరుక. బెంగళూరు పక్కన ఏదో చెరువులో జనాలను తిప్పి తిప్పి అలిసిపోయిన ఫైబరు బోటు ఒకటి అమ్మకానికి ఉందని విని, మామిడికాయలు దించేకి పోయిన లారీలోనే దాన్ని ఎక్కించుకుని వచ్చేసినాడంట. ఊరు ఊరంతా నగినారంట. ఆయమ్మ, అంటే ఆయప్ప పెండ్లాం, ఒకతే నగలే. హారతి పళ్ళెం పట్టుకుని పోయి బోటును దించుకునింది. డ్యాం చూసేకి వచ్చే జనాలను ఎక్కించుకుని నీళ్ళ మీద తిప్పుకుని వచ్చేదానికి ఆఫీసులో పర్మిట్టు తెచ్చుకున్నాడు. ఇదంతా తొంభైల నడుమ మాట.

ఆ వేషం చూడాల. పంచె మోకాళ్ళ పైకి ఎగకట్టి, తలకు మఫ్లరు చుట్టి ఉంటాడు. మండే ఎండలో కూడా ఆ మఫ్లరు దిగదు. నీళ్ళ గాలి చెవుల్లో దూరకూడదంట. ఈత రాదు. "అన్నా, ఈత రానోడివి నీకు బోటేమిటికి?" అని అడిగినాను ఒక తూరి. నా పక్క జాలిగా చూసి, "ఈత వస్తే బోటేమిటికప్పా?" అన్నాడు.

దేనికైనా ఒకటే మాట: "ముల్లు చెప్పనీ." ఈపొద్దు వాన వస్తాదా అన్నా? ముల్లు చెప్పనీ. ఈ ఏడు మామిడి కాపు ఎట్లుంది? ముల్లు చెప్పనీ. ఆయమ్మ వడ్డిస్తా "ఇంగొక ముద్ద పెడదునా?" అంటే, వేలు మడిచి పొట్ట మీద రెండు తట్లు తట్టి, తల వంచి, "ముల్లు ఇంగా సగంలోనే ఉంది, పెట్టు" అనేవాడు. ఆయమ్మ గరిటెతో కొట్టేకి వస్తే మఫ్లరు అడ్డం పెట్టుకునేవాడు.

మొదటి తూరి ఆయప్ప నా అంగడికి వచ్చినప్పుడు నేను ఒక ట్రాక్టరు మీటరు విప్పి ఒళ్ళో పెట్టుకుని ఉంటిని. వచ్చి గమ్మున నిలబడినాడు. ఏం కావాలన్నా అంటే చెప్పడు. నా పని అయ్యేదాకా చూసి, "నీళ్ళ మీద పోయేదానికి మీటరు చేస్తావా అప్పా?" అన్నాడు.

"నీళ్ళ మీద పోయేది ఏముందన్నా?"

"బోటు."

ఎగతాళి చేస్తా ఉన్నాడేమో అనుకున్నాను. మొగం చూస్తే ఎగతాళి లే. స్టూలు లాగి కూర్చోబెట్టి టీ తెప్పించినాను. టీ చల్లారిపోయిందే కానీ ఆయప్ప తాగలే. చెప్తానే ఉన్నాడు.

"ఆపొద్దు ఆదివారం. మీ హోసూరు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళే, ఆడోళ్ళనీ పిల్లల్నీ పిలుచుకుని వచ్చినారు. ముల్లు సగం చూపిస్తా ఉంది. సగముంటే హాయిగా పోయి రావొచ్చు. ఆయమ్మ కూడా వస్తానని ఎక్కింది. నడి నీళ్ళకు పోయినాక ఇంజను దగ్గి ఆగిపోయింది. చూస్తే ట్యాంకులో చుక్క పెట్రోలు లేదు. ముల్లు మాత్రం సగంలోనే ఉంది తమ్ముడూ. తడతాను, తడతాను, సగమనే అంటాది. డ్యాం షట్టర్లు ఎత్తి ఉన్నారు. గాలి బోటును అటుపక్కకే తోస్తా ఉంది. ఆడోళ్ళు ఏడ్చేకి మొదలుపెట్టినారు. నాకు ఈత రాదు. చేసేదేముంది? పంచె విప్పి ఊపినాను."

"మల్ల?"

"చేపలు పట్టేవాళ్ళు చూసి, పుట్టిలో వచ్చి, తాడేసి లాగినారు. ఎవరికీ ఏం కాలే. ఒక చిన్న పాప మాత్రం, 'తాతా, ఒడ్డు యాడ? తాతా, ఒడ్డు యాడ?' అని దారంతా అడగతానే ఉండె. నేనేం చెప్పేది?" మఫ్లరు సర్దుకున్నాడు. "ఆ ముల్లు నిజం చెప్పేదాకా ఇంగ ఒక మనిషిని కూడా బోటెక్కించుకోను. కృష్ణగిరిలో అందరికీ చూపించినాను. నీ చేతిలో బాగైతే బోటు ఉంటాది. కాకుంటే ఇంతే."

"ట్యాంకులో పుల్ల పెట్టి చూసుకోన్నా. దానికి మీటరు ఏమిటికి?" అన్నాను.

"పుల్ల ఒడ్డులో నిజం చెప్తాది తమ్ముడూ. నడి నీళ్ళకు పోయినాక నేను యాడ చూసుకునేది? నా కండ్ల ముందర ముల్లు ఉండాల."

సరే, పోదాం అన్నాను. లారీ లారీనే విప్పి కట్టినోడిని, బోటు ఒక లెక్కా అనుకుని పోయినాను.

బోటు స్టీరింగు ముందర గుండ్రంగా నాలుగు మీటర్లు. పెట్రోలుది ఒకటి, ఇంజను వేడిది ఒకటి, బ్యాటరీది ఒకటి, ఇంజను తిరిగే వేగానికి ఒకటి. కీ ఆన్ చేస్తే ముల్లులన్నీ కలిసి ఊగతాయి. లైటు వేస్తే అన్నీ కలిసి పడతాయి. ఎర్తు లేదని చూస్తానే తెలిసిపోయింది. అంటే కరెంటు పోయే దారి బాగుంది, బ్యాటరీకి తిరిగి వచ్చే దారి బాగలేదు. లారీలో చేసే మాదిరే నల్ల తీగను ఒకటి తీసి పక్కన సీటు బోల్టుకు బిగించినాను. ముల్లులు కదల్లే. బోల్టును గరుకుగా ఉండే ఉప్పు కాగితంతో తళతళా రుద్ది మల్లా బిగించినాను. ఊహూ. ఇంగొక బోల్టు. ఊహూ. ఒడ్డున పళ్ళెం పెట్టుకుని కూర్చున్న ఆయమ్మ, "ఏమప్పా, ఆ బోల్టు ఏమన్నా చెప్పిందా?" అని అడిగింది.

అప్పుడు తగిలింది నా మట్టి బుర్రకు. లారీకి ఒళ్ళంతా ఇనుము. యా బోల్టుకు కట్టినా కరెంటు తిరిగి బ్యాటరీకి చేరుకుంటాది. ఈ బోటు ఒళ్ళు ఫైబరు. ఆ బోల్టు బ్యాటరీకి చుట్టమూ కాదు, పక్కమూ కాదు. నన్ను నేనే తిట్టుకుంటా బ్యాటరీ నుంచి మీటర్ల దాకా కొత్తగా నల్ల తీగ లాగినాను. మూడు ముల్లులు గమ్మున నిలబడినాయి. పెట్రోలు ముల్లు మాత్రం సగంలో ఉంది. ట్యాంకులో ఉండేది అడుగున రొంత.

మీటరు వెనక తీగ పీకినాను. ముల్లు గబుక్కున నిండుకు ఎక్కింది. అదే తీగను ఎర్తుకు తగిలించినాను. కిందికి పడింది. "మీటరు బాగుందన్నా, తప్పు ట్యాంకు తావ ఉంది" అన్నాను. ఆయప్పకు ఆ మాట ఎక్కలే. వేరే ఏదో పట్టుకున్నాడు.

"తీగ తెగిపోతే నిండుగా చూపిస్తాదా?"

"ఈ రకం మీటరు అంతేన్నా. నా తావకు వచ్చే లారీల్లో శానా వాటికి తీగ పీకితే ముల్లు కింద పడతాది. ఇది బయటి దేశంది, తిరగబడి ఉంది."

"లోపల ఏమీ లేకపోయినా నిండుగానే చూపిస్తాదా?"

"లోపల ఏముందో దానికి చెప్పేదే ఆ తీగ కదన్నా."

ఆయప్ప మఫ్లరు కొసతో మీటరు అద్దం తుడిచినాడు. "తెలియకుంటే తెలియదని చెప్పొచ్చు కదప్పా. నిండుగా ఉందని ఏమిటికి చెప్పేది?" అన్నాడు. ఆ మీటరు చేసినోణ్ణి అడగాల.

వెనక సీటు కింద ట్యాంకు. దాని మీద గుండ్రని మూత. మూత కింద పెట్రోలులో తేలే ఫ్లోటు వేలాడతా ఉంటాది. ఫ్లోటు ఎంత ఎత్తులో తేలితే ముల్లు అంత చూపిస్తాది. మూత చుట్టూ ఇత్తడి బోల్టులు. ఒక్కొక్క బోల్టుకూ గంధం, కుంకుమ. చుట్టూ మల్లెపూల దండ. "ఇదేందమ్మా?" అంటే ఆయమ్మ సంతోషంగా దగ్గరికి వచ్చి, "బోటమ్మప్పా. చూడు, ఇవి కండ్లు, ఇది ముక్కు" అని వేలు పెట్టి చూపించింది. చెప్పినాక చూస్తే నిజంగానే మొగం మాదిరి ఉంది. గంధం కుంకుమలు మాకు కొత్త కాదు. నా అంగట్లో బ్యాటరీలకు కూడా పెడతాం. అందుకని పట్టించుకోలే. అంతా తుడిచి, బోల్టులు విప్పి, ఫ్లోటు కడిగి, మల్లా బిగించినాను. డబ్బాతో పెట్రోలు పోస్తా ఉంటే ముల్లు మెల్లమెల్లగా లేచింది. పోసేది నిలిపితే నిలిచింది. ఆయప్ప తట్టినాడు, తల వంచినాడు. "చెప్పిందప్పా, చెప్పింది!" అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ సాయంకాలం డ్యాం కాడ చేపలు వేపే అంగట్లో నన్ను వదిలిపెట్టలే. తిను, తిను అని ఆకులో వేస్తానే ఉన్నాడు.

నా గొప్ప ఒక నెల కూడా నిలబడలే. డ్యాం పక్క ఎస్టీడీ బూతు నుంచి ఫోను. "తమ్ముడూ, ముల్లు మల్లా అబద్ధమాడతా ఉంది."

పోయినాను. విప్పినాను, తుడిచినాను, బిగించినాను. బాగైంది. మల్లా కొన్ని వారాలకు ఫోను. ఫ్లోటు నుంచి మీటరుకు వచ్చే తీగ మార్చినాను. మల్లా ఫోను. ఫ్లోటునే విప్పి అంగడికి తెచ్చి, బల్ల మీద పెట్టి, నిండు నుంచి అడుగు దాకా కదిలించి కదిలించి చూసినాను. దాంట్లో తప్పు లే. తీసుకుపోయి పెట్టినాను. మల్లా ఫోను. నాకు రోసం వచ్చేసింది. లారీవాళ్ళు పెద్ద మేస్త్రీ అని పిలుస్తా ఉంటే సిగ్గయ్యేది. ముల్లు తప్పినప్పుడంతా ఆయప్ప బోటు కట్టేసేవాడు. ఆదివారం జనాలు వచ్చి బోటు లేదా అంటే, ఒడ్డున మఫ్లరు చుట్టుకుని కూర్చుని, "బోటుకు ఒళ్ళు బాగలేదప్పా" అనేవాడు. వాళ్ళు నగుకుంటా పోయేవాళ్ళు. నన్ను ఒక్క మాట అనలే. తిట్టి ఉంటే బాగుండు.

ఎప్పుడూ అంగడికి సెలవు చూసుకుని మంగళవారం పోతా ఉంటిని. ఒక తూరి కుదరక శుక్రవారం పోయినాను. ఆయమ్మ పూజలో ఉంది. పసుపు నీళ్ళతో మూత కడిగింది. ఒక్కొక్క బోల్టుకూ గంధం అద్ది కుంకుమ పెట్టింది. పూలు చుట్టింది. బోటు అంచున టెంకాయ కొట్టి, ఆ నీళ్ళు చిందకుండా తెచ్చి, మూత మీద మెల్లగా పోసింది. "తాగు తల్లీ" అన్నది. ఆ నీళ్ళు పోయి పోయి ఒక బోల్టు సందులో ఇంకిపోతా ఉంటే నేను చూస్తా ఉన్నాను. ఫ్లోటుకు ఎర్తు తీగ కట్టి ఉండేది ఆ బోల్టుకే.

ఆయమ్మ పక్కకు పోతానే ఆ బోల్టు వదులు చేసినాను. పైన బంగారం మాదిరి ఉంది. కింద తీగ చుట్టు మీద పచ్చని కిలుము. పసుపు నీళ్ళూ టెంకాయ నీళ్ళూ వారం వారం దిగి ఇత్తడిని తింటా ఉన్నాయి. కిలుము ఎక్కేకొద్దీ కరెంటుకు దారి తక్కువైతాది. దారి తక్కువయ్యేకొద్దీ ఈ పాడు మీటరు ట్యాంకు నిండుగా ఉందనుకుంటాది. నేను వచ్చి విప్పినప్పుడంతా తెలియకుండానే కిలుము తుడిచి పోతా ఉంటిని. ఆయమ్మ మల్లా పోస్తా ఉండె.

చెప్పినాను కదా, నా నోరు మంచిది కాదు. "ఏందమ్మా నువ్వు చేసే పని!" అని అరిచేకి నోరు తెరిచినాను. అంతలో ఆయమ్మే అందుకునింది.

"ఆపొద్దు నడి నీళ్ళలో మమ్మల్ని కాపాడింది ఈ తల్లే కదప్పా. అంతకు ముందు శుక్రవారం కడుపునిండా టెంకాయ నీళ్ళు పోసి ఉంటిని. మరిచిపోతాదా?"

బోల్టు మల్లా బిగించి లేచినాను.

ఆయప్పను చేపల అంగడి పక్కకు పిలుచుకుని పోయి చెప్పినాను. నమ్మడేమో అనుకున్నాను. అంతా విని, బోటు పక్కకు తిరిగినాడు. ఆయమ్మ రాలిన పూలు ఏరుకుంటా ఉంది.

"ఆయమ్మకు చెప్పొద్దు తమ్ముడూ."

"చెప్పకుంటే ఎట్లన్నా? వచ్చే శుక్రవారం మల్లా పోస్తాదే."

"పోయనీ." మఫ్లరు విప్పి మల్లా చుట్టుకున్నాడు. "ఆపొద్దు అందరూ ఏడ్చినారు. ఆయమ్మ ఒకతే ఏడవలే. ఆ పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బోటమ్మ ఉంది, బోటమ్మ ఒడ్డుకు చేరుస్తాది అని చెప్తానే ఉండె. ఆ మాట పట్టుకునే నేను కూడా నిలబడినాను. ఇప్పుడు పోయి, నీ బోటమ్మ వల్లనే మనం ఆడ ఇరుక్కున్నాం అని చెప్పేదా? నా వల్ల కాదప్పా. ఆయమ్మ పోయనీ. నేను తుడుచుకుంటాను."

ఆ ఒక్క బోల్టును ఎట్ల విప్పేది, ఎట్ల రుద్దేది, ఎంత బిగించేది, అన్నీ చూపించినాను. అప్పటినుంచి శుక్రవారం ఆయమ్మ పూజ చేసి ఇంటికి పోతానే, ఆయప్ప స్పానరు తీసుకుని ట్యాంకు తావ కూర్చునేవాడు. బోల్టు విప్పి, తీగ చుట్టు తుడిచి, ఉప్పు కాగితంతో రుద్ది, మల్లా బిగించేవాడు. అంతా అయినాక చిటికెన వేలితో కుంకుమ తీసి, ఆయమ్మ పెట్టిన చోటే, పెట్టిన మాదిరే బొట్టు పెట్టేవాడు. ముల్లు నిజం చెప్పేకి మొదలుపెట్టింది. జనాలు ఎక్కినాక తట్టి, తల వంచి, "ముల్లు చెప్పింది, పోదాం రండి" అని బోటు తీసేవాడు. కొత్తగా వచ్చినోళ్ళు ఇదేదో మంత్రమేమో అని చేతులు కూడా జోడించేవాళ్ళు. శానా ఏండ్లు అట్ల నడిచింది. నాకు ఫోన్లు నిలిచిపోయినాయి. ఊరికే చూసేకి, చేపలు తినేకి పోయి వచ్చేవాణ్ణి.

అట్ల పోయినప్పుడు ఒక తూరి ఆయమ్మ నన్ను పక్కకు పిలిచి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నగుతా, "మీ అన్న గుట్టు నాకు తెలుసులేప్పా" అన్నది. బోల్టు సంగతి తెలిసిపోయిందనుకున్నాను. "శుక్రవారం నేను ఇంటికి పోయినాక బోటమ్మ తావ కూర్చుంటాడు. బొట్టు పెడతాడు. తోపులోనుంచి చూసినాను. నా ముందర మొక్కేకి సిగ్గు ఆ మనిషికి. నాకు తెలుసని చెప్పొద్దు, మానేస్తాడు." చెప్పనమ్మా అన్నాను. ఇద్దరి గుట్టూ కడుపులో పెట్టుకుని హోసూరు బస్సెక్కినాను.

రెండు వేల సంవత్సరం దాటినాక ఒక వానల్లో ఆయమ్మకు కామెర్లు వచ్చినాయి. నాటు మందని కొన్ని దినాలు, కృష్ణగిరి ఆస్పత్రని కొన్ని దినాలు పోయినాయి. ఆఖరికి హోసూరుకు తెచ్చినారు. మత్తిగిరిలో మా ఇంట్లో చెప్పి, గంజి కాయించుకుని పోయినాను. ఆయమ్మ కండ్లు మూసుకుని ఉంది. చేతికి సెలైను. తల పక్కన ఏదో మిషను, దాంట్లో అంకెలు పోతా వస్తా ఉన్నాయి. ఆయప్ప ఆ మిషను పక్కకే చూస్తా నిలబడి ఉన్నాడు.

"దీంట్లో ముల్లు లేదు తమ్ముడూ" అన్నాడు. "అంకెలే. అవి ఏం చెప్తా ఉన్నాయో నాకు తెలియదు. నీకు తెలుస్తాదా?"

నాకు మాత్రం ఏం తెలుసు? లారీ మీటర్లు చూసేవాణ్ణి. తెలియదన్నా అన్నాను. ఆయప్ప వేలు మడిచి సెలైను సీసా మీద రెండు తట్లు తట్టినాడు. తల పక్కకు వంచి చూసినాడు. నేను గంజి చెంబు పట్టుకుని వరండాలోకి వచ్చేసినాను. ఏడుపు ఆపుకోలేకపోయినాను.

ఆయమ్మ ఇంటికి తిరిగి పోలే.

కర్మాంతరాలైన కొన్ని వారాలకు ఫోను వచ్చింది. "పర్మిట్టు తిరగరాసేకి ఆఫీసరు వస్తాడంట. ముల్లు మల్లా నిండుకు ఎక్కింది. ఒక తూరి వచ్చి పోప్పా." సామాన్ల సంచి తీసుకుని పోయినాను. మూత మీద గంధం ఎండి పగుళ్ళు పట్టింది. కుంకుమ నల్లబడింది. పూలదండ దారమై మిగిలింది. మంచం పట్టే ముందర ఆయమ్మ చేసిన ఆఖరి శుక్రవారం పూజ అది. ఆ వారం ఆయప్ప తుడవలే. ఆ తర్వాత కూడా తుడవలే. నేను స్పానరు తీసినాను.

"వద్దు" అన్నాడు.

"ఒక్క బోల్టేన్నా. చిటికెలో అయిపోతాది."

"వద్దు తమ్ముడూ. ముట్టుకోవద్దు."

"అయితే నన్ను ఏమిటికి పిలిచినావు?" అరిచేసినాను. అరిచినాక నాలుక కరుచుకున్నాను.

ఆయప్పకు కోపం రాలే. "దాన్ని ముట్టుకోకుండా ముల్లు నిజం చెప్పేటట్టు చేసేకి కాదా? నీకు ఏదన్నా తోస్తాదేమో అని పిలిచినాను" అన్నాడు.

ఆలోచన చేసినాను. వేరే బోల్టుకు ఎర్తు కడదామా అంటే, అన్ని బోల్టులకూ ఆయమ్మ బొట్టే. ఫ్లోటే మారుద్దామా అంటే మూత తియ్యాల, మూత తీస్తే మొగమే పోతాది. ఎట్ల తిప్పి చూసినా ఆయమ్మ చేతి గుర్తు చెరపకుండా చేసే పని నాకు తెలియదు. తెలిసినోడు యాడన్నా ఉన్నాడేమో, నాకైతే తెలియదు. స్పానరు సంచిలో పెట్టేసినాను. ఇద్దరం బోటు అంచున కాళ్ళు వేలాడదీసుకుని కూర్చున్నాం. అవతల ఒడ్డున ఎవరో పిల్లలు బోటును చూసి చెయ్యి ఊపినారు. మేం ఊపలే.

ఆఫీసరు వచ్చిన దినం ఆయప్పే ముందర చెప్పేసినాడంట, "సార్, పెట్రోలు ముల్లు అబద్ధం చెప్తాది" అని. ఆయన మంచోడే. బాగు చేయించుకో, టైమిస్తానన్నాడంట. "అది బాగయ్యేది కాదు సార్" అన్నాడంట ఆయప్ప. నిజం చెప్పని ముల్లుతో మనుషుల్ని ఎక్కించుకోనని ఎప్పుడో ఒట్టు పెట్టుకున్న మనిషి. ఆయమ్మ బొట్టు చెరిపేకి చెయ్యి రాని మనిషి. రెండూ ఒక్క ఒంట్లోనే ఉంటే పర్మిట్టు యాడ నిలబడతాది?

శానా ఏండ్ల తర్వాత, నేను ఆఖరిగా పోయినప్పుడు బోటు మామిడి తోపులో ఇటుకల మీద ఉంది. నిండా ఎండాకులు. ఆయప్ప సగమైపోయి ఉన్నాడు. మఫ్లరు మాత్రం అదే. "రా తమ్ముడూ, నీకొకటి చూపించాల" అని చెయ్యి పట్టుకుని బోటెక్కించినాడు. ట్రాక్టరు బ్యాటరీ విప్పి తెచ్చి బోటుకు కట్టి ఉన్నాడు. కూర్చుని, కీ తిప్పినాడు.

పెట్రోలు ముల్లు లేచింది. సగం దాటింది, నిండు దాటింది, ఆ పక్క అంచుకు పోయి ఆనుకునింది. నేను వంగి ట్యాంకు పక్క చూసినాను. ట్యాంకు ఎప్పుడో ఎండిపోయింది, పెట్రోలు వాసన కూడా లే. ఆ బోల్టు కింద తీగ చుట్టును కిలుము పూర్తిగా తినేసింది. తీగ కొన దేనికీ తగలకుండా గాలిలో వేలాడతా ఉంది. పైన కుంకుమ బొట్టు ఇంగా రొంత అగుపడతా ఉంది.

ఆయప్ప వేలు మడిచి అద్దం మీద రెండు తట్లు తట్టినాడు. తల వంచి చూసినాడు. ఇన్నేండ్లు మమ్మల్ని ఏడిపించిన ముల్లు ఇసుమంత కూడా కదల్లే.

"ఇంగ పడదు కదా తమ్ముడూ?"

నేను చేసేది మీటర్ల పని. ఆయప్ప అడిగేది ముల్లు సంగతి కాదు, ఆయమ్మ సంగతని నాకు తెలుసు.

"పడదన్నా. కీ ఆన్‌లో ఉండేదాకా పడదు."

"అంతే కదా" అని నిమ్మళంగా ఊపిరి వదిలి, అంచు పట్టుకుని బోటు దిగినాడు. "ముద్దా పులుసూ చేసి పెట్టినాను. తిని పోదువు రా" అని ఇంటి పక్కకు నడిచినాడు.

కీ ఆన్‌లోనే ఉంది. పొద్దు మునిగే లోపల బ్యాటరీ దిగిపోతాది. తెల్లారితే ట్రాక్టరు తియ్యాల, అది కూడా కదలదు. నా చెయ్యి కీ దాకా పోయింది. నోరు కూడా తెరుచుకునింది. కీ అట్లే వదిలేసి, నోరు మూసుకుని, ఆయప్ప వెనకాలే అన్నానికి పోయినాను.